దీపం ఆర్పే వైద్యం

మూడు వారాల పాటు రాత్రనక పగలనక వెలిగిన దీపం ఒక సాయంత్రం ఆరిపోయింది. నాన్నగారి వాగన్ ఆర్ డ్యాష్‌బోర్డు మీద, ఇంజను బొమ్మ ఉన్న నారింజ రంగు దీపం. "ఠీక్ హో గయా సర్‌జీ" అన్నాడు మెకానిక్, నా కారు అద్దాలు తుడిచే గుడ్డతో తన మెడ తుడుచుకుంటూ. నేను ఉబ్బిపోయి అడిగినంతా ఇచ్చాను. పైన టీ ఖర్చుకని ఇంకో వంద ఇచ్చాను. మీటరు పెట్టె ఊడదీసి, లోపలివైపు నుంచి ఆ దీపం మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించాడని నాకు తెలియడానికి నెల పట్టింది.

తెలిసిన రోజున వెళ్ళి కొట్టాలనిపించింది. ఇప్పుడు ఆ కోపం లేదు. ఢిల్లీ చుట్టుపక్కల ఆ తర్వాత నేను చూసిన వైద్యాలన్నిటిలోకీ అతనిదే చవక. ఇక్కడ పెద్దవాళ్ళందరి దగ్గరా తలా ఒక టేపు చుట్ట ఉంది. పాపం అతనిది ఇరవై రూపాయల చుట్ట.

ఇందిరాపురం సంగతి మన ఊళ్ళవాళ్ళకు కాస్త చెప్పాలి. ఇది ఢిల్లీ కాదు. ఢిల్లీకి తూర్పున గోడ ఆనుకుని ఉన్న ఘాజియాబాద్ జిల్లా, ఉత్తరప్రదేశ్. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఢిల్లీ అంటాం, కరెంటు పోయినప్పుడు ఉత్తరప్రదేశ్ అంటాం. ఇక్కడి పేటలకు పేర్లు పెట్టినవారెవరో గాని, నగరం కట్టడం మాని నీతిశతకం రాయబోయినట్టున్నారు: నీతి ఖండ్, న్యాయ్ ఖండ్, జ్ఞాన్ ఖండ్, శక్తి ఖండ్, అభయ్ ఖండ్, అహింసా ఖండ్, వైభవ్ ఖండ్. మా మెకానిక్ దుకాణం వీటిలో ఏ ఖండంలో ఉందో చెప్పను. చెబితే ఆ ఒక్కదానికే పేరొస్తుంది, మిగతావి చిన్నబుచ్చుకుంటాయి.

నాన్న ఆడిట్ శాఖలో ముప్పై అయిదేళ్ళు ఊరందరి లెక్కల్లో తప్పులు పట్టి, 2011 జనవరిలో అరవై నిండి రిటైరయ్యారు. ఫిబ్రవరిలో గ్రాట్యుటీ డబ్బుతో ఈ బండి కొన్నారు. పెట్రోలు బండి, 998 సీసీ, మూడు సిలిండర్లు, యూపీ 14 నంబరు. తెనాలి మనిషి కాబట్టి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. ఆడిట్ మనిషి కాబట్టి ఆ నిమ్మకాయల ఖరీదు నోటుబుక్కులో రాసుకున్నారు. నీలం అట్ట నోటుబుక్కు ఇప్పటికీ డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది. "10-3-2013, ఆదివారం. 9,412 కి.మీ. ఏపీ భవన్ వెళ్ళి వచ్చాం. గోంగూర బాగుంది. పప్పు నీళ్ళు." ఇంకో పేజీలో: "17-8-2014. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి. కుర్రవాడు నాలుగో నట్టు బిగించడం మరిచాడు. చెప్పి బిగించాను." ఆ పుస్తకంలో అమ్మ పుట్టినరోజు లేదు, నా పెళ్ళి లేదు. ఇంజన్ ఆయిల్ మార్చిన తేదీ ఒక్కటీ తప్పలేదు.

పదమూడేళ్ళ పైచిలుకు కాలంలో బండి తిరిగింది అరవై వేల కిలోమీటర్లు. చాలావరకు రెండే దారులు. శనివారం గోల్ మార్కెట్ దగ్గర తిరుమల దేవస్థానంవారి గుడి. ఆదివారం అశోకా రోడ్డులో ఏపీ భవన్ భోజనం. 2024 చలికాలంలో నాన్న పోయారు. తెనాలి ఇంటి వాటా దగ్గర అన్నదమ్ములం ఇప్పటికీ సరిగా మాట్లాడుకోవడం లేదు. బండి ఎవరికీ అక్కర్లేదు గనక ఏ తగువూ లేకుండా నాకు వచ్చింది.

వచ్చి, మా అపార్టుమెంటు కింద పార్కింగులో దుమ్ము కప్పుకుని పడుకుంది. ఎలుకలు కాపురం పెట్టాయి.

2025 జూలైలో దాన్ని తుక్కుకి ఇచ్చేద్దామనే అనుకున్నాను. జూలై 1 నుంచి ఢిల్లీ బంకుల్లో పదేళ్ళు దాటిన డీజిలు బండ్లకీ పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లకీ చుక్క పోయకూడదన్నారు. నంబరు ప్లేటు చదివే కెమెరాలు బిగించారు. నవంబరు 1 నుంచి మా ఘాజియాబాద్‌తో పాటు గురుగ్రామ్, ఫరీదాబాద్, నోయిడా, సోనీపత్‌లకూ అదే గతి అన్నారు. మూడు రోజులు తిరక్కుండానే జనం గోల చూసి ఢిల్లీ ప్రభుత్వమే ఆపండి మొర్రో అంది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, వయసొక్కటే చూసి యజమానుల మీద చర్య తీసుకోవద్దంది. నాన్న బండికి ప్రాణం లేచొచ్చింది. ఇంజనుకు తప్ప.

సెప్టెంబరులో మెకానిక్‌ని పిలిచాను. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, కొత్తది వేశాడు. తాళం తిప్పగానే బండి అందుకుంది. అందుకున్నాక అసలు కథ మొదలు. నిలబెట్టి ఉంచితే రేసు తనంతట తానే పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. కాలు పెడల్ మీద లేదు, అయినా హరిదాసు రాగం తీసినట్టు ఊఁ... ఊఊఁ... ఊఁ. అప్పుడే ఆ నారింజ దీపం వెలిగింది.

నాడి పట్టి రోగం చెప్పే వైద్యులుండేవారు. జాతకం చూసి చెప్పేవారూ ఉండేవారు. మా మెకానిక్ బోనెట్ తెరవక ముందే, నా చేతిలో ఫోను ఏ కంపెనీదో చూసి రోగం తేల్చాడు. "ప్లగ్గులు." మూడు ప్లగ్గులు మారాయి. రాగం మారలేదు. "అయితే కాయిల్." కాయిల్ మారింది. "పెట్రోలు పంపు బలహీనంగా ఉంది, ఏడాది నిలబడింది కదా సర్‌జీ." ట్యాంకు దించి పంపు మార్చాడు. తర్వాత ఇంజెక్టర్లు. తర్వాత సైలెన్సర్ దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సార్. తర్వాత క్లచ్ ప్లేటు. రేసుకీ క్లచ్చుకీ సంబంధం ఏమిటయ్యా అంటే, "రేసు ఇంత పెరుగుతుంటే క్లచ్ మాత్రం ఎన్నాళ్ళు ఆగుతుంది?" అన్నాడు. ఆ తర్కానికి నేను ఇప్పటికీ జవాబు వెతుక్కుంటున్నాను. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. ఇతను కొండను తవ్వి, ఎలుకను వదిలేసి, కొండకు బిల్లు వేశాడు.

ఈ కాలపు బండి మరీ అంత మర్మం కూడా కాదు. ఇంజనులోకి వెళ్ళే గాలి లెక్క ఒక సెన్సార్ చెబుతుంది, ఆ లెక్కను బట్టి లోపలి కంప్యూటర్ పెట్రోలు చిమ్ముతుంది, లెక్క కుదరకపోతే దీపం వెలిగించి ఆ తేడా ఏమిటో ఒక అంకెగా రాసి పెట్టుకుంటుంది. స్టీరింగు కింద ఒక ప్లగ్గు గుచ్చి ఆ అంకె చదువుకోవచ్చు. రోగి తన రోగం తానే చీటీ మీద రాసి చేతిలో పెడుతున్నాడు. చదివే ఓపికే కావాలి. "స్కానర్ ఉందా?" అని అడిగాను. నవ్వి, తన చెవి చూపించాడు. ఇరవై ఏళ్ళ అనుభవం సర్‌జీ, ఇంజను మాట వింటే చాలు అన్నాడు. ఆ చెవిలో బ్లూటూత్ ఉంది.

తీసిన పాత సామాను ఇవ్వమన్నాను. నా మీద జాలిపడి, "మసి, చేతులు పాడవుతాయి" అన్నాడు. నాన్న కింద అన్నేళ్ళు కిమ్మనకుండా పనిచేసిన కంపెనీ పంపు ఇప్పుడు ఏ బండిలో కొత్తకాపురం పెట్టిందో. దాని స్థానంలో వచ్చినవాటి పుట్టిల్లు కశ్మీరీ గేట్. పాత ఢిల్లీ గోడ పక్కన మోటారు విడిభాగాల మహాసముద్రం అది. ఏ సామాను అడిగినా మూడు జన్మల్లో దొరుకుతుంది: కంపెనీది, కంపెనీ లాంటిది, "చల్ జాయేగా". నిజాయితీగల దుకాణదారు మూడిటికీ మూడు ధరలు మొహం మీదే చెబుతాడు, అతన్ని తప్పుపట్టను. నా బిల్లు మొదటి జన్మకు పడింది, బండిలోకి మూడో జన్మ వచ్చింది. మధ్యలో ఎక్కడో పునర్జన్మ సిద్ధాంతం పనిచేసింది.

ఇవన్నీ అయ్యాక, ఎక్సలేటరు తీగ లాగే చోట కంపెనీవాళ్ళు రంగు చుక్క పెట్టి, దీన్ని ముట్టుకోవద్దని సైగ చేసిన మర ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పాడు. రాగం పై స్థాయికి వెళ్ళింది. చివరికి, "హెడ్ దించాలి, ఇరవై ఎనిమిది వేలు" అన్నాడు. అప్పటికే నలభై ఒక్క వేలు వదిలాయి. వెనుకా ముందూ ఆడాను. నా మొహం చూసి, హెడ్ మాట పక్కన పెట్టి, "ముందు మీ మనశ్శాంతి సంగతి చూద్దాం" అని బండి తీసుకుపోయి, దీపం ఆర్పి తెచ్చాడు.

ఇల్లు పీకి పందిరి వేసేవాళ్ళను చూశాను. పీకిన ఇంటి వాసాలు అమ్ముకుని, పందిరికి విడిగా లెక్క కట్టేవాణ్ణి అతన్నే చూశాను.

ఈలోగా బండి నా పేరు మీదకు రావాలి కదా. యజమాని పోతే ముప్పై రోజుల్లో రవాణా శాఖకు కబురు చెయ్యాలి, మూడు నెలల్లో ఫారం 31 పెట్టుకోవాలి. పదో రోజు, పదకొండో రోజు, మాసికం, సంవత్సరీకం తెలుసు గాని, ముప్పయ్యో రోజు రవాణా శాఖవారిదని మా పురోహితుడు చెప్పలేదు. ఆలస్యంగా వెళ్ళాను. కిటికీ అవతలి మనిషి, బండి పుట్టిన తేదీ చూసి, "ఇంకా అయిదు నెలల బండి. దీనికి పేరు మార్చుకుని ఏం చేస్తారు?" అన్నాడు. ఆస్పత్రిలో కూడా అంత నిబ్బరంగా చెప్పరు.

పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు కూడా తీరింది. బంకు పక్కన ఆగి ఉన్న వ్యాన్ దగ్గరకు వెళ్ళాను. రూలు పుస్తకం ప్రకారం మా బండి లాంటి బీఎస్ 4 (పొగ ప్రమాణాల్లో నాలుగో మెట్టు) పెట్రోలు బండి నిలబడి ఉన్నప్పుడు వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు, హైడ్రోకార్బన్లు పది లక్షల పాళ్ళలో 200 దాటకూడదు. గొట్టం సైలెన్సర్ లోపలికి దూర్చాలి. ఇంజను రేసు పెంచి మరోసారి చూడాలి. మా బండి రేసు దానంతట అదే పెంచుకుంటుంది గనక ఆ శ్రమ లేదు. కుర్రవాడు గొట్టాన్ని గుమ్మానికి మామిడాకు తగిలించినట్టు అలా తగిలించి, నంబరు ప్లేటు ఫొటో తీశాడు. ఓటీపీ అడిగాడు. అది యజమాని ఫోనుకు వెళ్ళింది. యజమాని వెళ్ళిన చోట సిగ్నల్ లేదు. "అంకుల్‌జీ నంబరు మార్చేద్దాం" అని ఏదో నొక్కాడు. ప్రింటు వచ్చింది. పక్కన బండి పూనకం వచ్చినట్టు ఊగుతోంది, చేతిలో కాగితం ఏడాది పాటు నిర్దోషి అంటోంది. ఆ కాగితంలోని అంకెల ప్రకారం బండి వదిలే ఊపిరి కన్నా నేను వదిలే ఊపిరే ప్రమాదం.

పొగ కబుర్లన్నీ అబద్ధమని నేను అనను. మా బండే నెల రోజులు ఘాటు పెట్రోలు వాసన కక్కింది, సర్టిఫికెట్ అద్దానికి అంటించుకుని మరీ కక్కింది. డిసెంబరు 18 నుంచి ఢిల్లీలో ఈ కాగితం లేనివాడికి పెట్రోలు పోయరు. మంచిదే. కాగితం ఉంటే పోస్తారు. పొగ సంగతి కాగితమే చూసుకుంటుంది.

టేపు బయటపడింది నాన్న వల్ల. బ్యాంకు ముందు అమ్మ కోసం కారులో కూర్చుని, ఏమీ తోచక నోటుబుక్కు మొదటి పేజీ తీశాను. కొన్నరోజు కంపెనీ పుస్తకం చదివి తనకోసం రాసుకున్న పాఠం: "తాళం ఒక మెట్టు తిప్పగానే దీపాలన్నీ వెలగాలి. ఇంజను అందుకున్నాక ఆరాలి. వెలిగే దీపాన్ని చూడు. అసలు వెలగని దీపాన్ని ఇంకా బాగా చూడు." మొదటి రెండు వాక్యాలూ కంపెనీవాళ్ళు రాసినవి, మూడోదీ నాలుగోదీ మాత్రం ముమ్మూర్తులా ఆడిట్ శాఖ. తాళం తిప్పాను. నూనె దీపం వెలిగింది, బ్యాటరీ దీపం వెలిగింది. ఇంజను దీపం ఉండాల్సిన చోట చీకటి. వేరే దుకాణంలో మీటరు పెట్టె విప్పించాను. టేపు చక్కగా, నాలుగు మూలలూ కత్తిరించి, ఎంతో శ్రద్ధగా అంటించి ఉంది. ఆ శ్రద్ధ ఇంజను మీద పెట్టి ఉంటే!

ఆ రోజు నుంచి నాకు అన్నిచోట్లా టేపు కనిపిస్తోంది. మన దేశపు గాలి సూచీ 500 దగ్గర ఆగిపోతుంది. గాలి అంతకన్నా ఎంత చెడినా అంకె ఇక పెరగదు. జ్వరం నూట అయిదు దాటితే థర్మామీటరు చదవడం మానేసినట్టు. 2025 దీపావళి రోజుల్లో, మాకు కూతవేటు దూరంలో ఆనంద్ విహార్ గాలి కొలిచే కేంద్రం చుట్టూ ట్యాంకర్లతో నీళ్ళు చల్లి అంకె దించుతున్నారని ఢిల్లీ ప్రతిపక్షం వీడియోలు చూపించింది. దుమ్ము ఉన్న ప్రతిచోటా చల్లినట్టే అక్కడా చల్లామని ప్రభుత్వం అంది. కావచ్చు. మా మెకానిక్‌ని అడిగినా, టేపు ఉన్న ప్రతిచోటా అంటించినట్టే అక్కడా అంటించానంటాడు.

ఇక వయసు లెక్క. 2014 నవంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ పదిహేనేళ్ళు దాటిన బండ్లు ఢిల్లీలో తిరగరాదంది. 2015 ఏప్రిల్‌లో పదేళ్ళు దాటిన డీజిలు బండ్లను ఆపమంది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు రెండూ సబబేనంది. గాలి విషం కాబట్టి ఏదో ఒకటి చెయ్యాలి, ఒప్పుకుంటాను. చేసిందేమిటి? బోనెట్ తెరవకుండా పుట్టిన తేదీ చూడటం. నెలకు మూడొందల కిలోమీటర్లు తిరిగి, ఆయిల్ వేళకు తాగిన బండీ, రోజుకు మూడొందలు తిరిగి నల్లపొగ కక్కే బండీ ఒకే రోజు పుడితే ఒకే రోజు చస్తాయి. నాన్ననీ పుట్టిన తేదీ చూసే ఇంటికి పంపారు గనక ఆయనకు ఈ లెక్క అర్థమయ్యేదేమో. ఆయనకు కనీసం పెన్షన్ ఇచ్చారు.

అదే బండి తెనాలిలో ఉంటే? పదిహేనేళ్ళు నిండాక తనిఖీకి తీసుకువెళ్తారు. పాసైతే పచ్చపన్ను కట్టించుకుని ఇంకో అయిదేళ్ళు ఆయుష్షు పోస్తారు. మోటారు వాహనాల చట్టం దేశమంతటికీ ఒకటే. గుంటూరు జిల్లాలో చిరంజీవి, ఘాజియాబాద్ జిల్లాలో శవం. వాస్తు దోషం అనుకోవాలి.

ఇంతకీ బండి ఎలా బాగుపడింది? దానికి నలభై ఒక్క వేలూ అక్కర్లేదు, స్కానరూ అక్కర్లేదు. నవంబరు చివర ఒక పొద్దున, అమ్మను వైశాలి మెట్రో దగ్గర దింపాలని బండి తీశాను. అమ్మ ఎక్కబోతూ ముందుకు వెళ్ళి బోనెట్ దగ్గర ఆగింది.

"ఒరే, ఆ చప్పుడేమిట్రా?"

"రేసమ్మా. హెడ్ దించాలట."

"రేసు కాదు. దాని కింద ఇంకోటి. స్‌స్‌స్ అని. కుక్కరు రబ్బరు పోతే ఇలాగే ఒక పక్కనుంచి కారుతుంది. విజిల్ రాదు, పప్పు ఉడకదు, గ్యాసు మాత్రం అయిపోతుంది."

బోనెట్ ఎత్తాను. ఆవిడ వేలు పెట్టి చూపించినవైపు, ఇంజను మీద నుంచి గాలి పీల్చే గొట్టానికి వెళ్ళే చిటికెన వేలంత రబ్బరు పైపు ఉంది. పైనుంచి చూస్తే బాగానే ఉంది. తిప్పి చూస్తే కింద పక్క ఎలుక కొరికిన చీలిక, బొటనవేలి గోరంత. ఆ సందులోంచి ఇంజను దొంగచాటుగా గాలి పీలుస్తోంది. పీల్చిన గాలికి తగినంత పెట్రోలు కంప్యూటర్ చిమ్ముతోంది. రేసు పెరుగుతోంది. ఇంత రేసు ఎందుకని కంప్యూటరే పెట్రోలు ఆపుతోంది. రేసు పడుతోంది. మళ్ళీ మొదటికి. హరికథ అదన్నమాట. చీలిక మీద నా బొటనవేలు నొక్కి పెట్టగానే రాగం ఆగింది. మూడు నెలల తర్వాత మొదటిసారి ఆ ఇంజను మామూలు గొంతుతో మాట్లాడింది.

పైపు నూట ఇరవై రూపాయలు. క్లిప్పులు రెండు, పదిహేను చొప్పున. రంగు చుక్క పెట్టిన మరను చుక్క చూసుకుని వెనక్కి తిప్పాను. మీటరు పెట్టె విప్పించిన రోజే ఆ టేపు పీకించి నోటుబుక్కులో అంటించి, పక్కన తేదీ వేశాను. ఓచరు లేకుండా ఖర్చు రాస్తే నాన్న ఒప్పుకోరు. బ్యాటరీ తప్ప మార్చిన సామానంతా అనవసరమేనని తేలింది. క్లచ్ మాత్రం మెత్తగా ఉంది, ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను.

మెకానిక్ మీద ఫిర్యాదు చేయమని మా అపార్టుమెంటువాళ్ళు అన్నారు. ఏమని చెయ్యను? రోగం చూడకుండా చికిత్స చేశాడనా? అది నేరమైతే విచారణకు చాలామంది కలిసి రావాలి, అంత పెద్ద బోను ఎక్కడుంది?

డిసెంబరు 17న సుప్రీంకోర్టు తన ఆగస్టు మాటను సవరించింది. బీఎస్ 4, ఆపై బండ్లకే రక్షణ, బీఎస్ 3, అంతకు ముందువాటి మీద చర్య తీసుకోవచ్చంది. ఢిల్లీ ప్రాంతంలో 2010 ఏప్రిల్ నుంచే కొత్త బండ్లకు బీఎస్ 4 తప్పనిసరి గనక నాన్న బండి బతికింది. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది, అదైనా వెలిగింది. మర్నాడు, అంటే 18 నుంచి, కాలుష్యం ముదిరిన రోజులు గనక బయటి రాష్ట్రాల నంబరున్న బండి బీఎస్ 6 అయితే తప్ప ఢిల్లీలోకి రాకూడదని ఢిల్లీ ప్రభుత్వం అంది. అదే కార్ఖానాలో, అదే రోజు, అదే బిగింపుతో పుట్టిన కవల బండికి ఢిల్లీ నంబరుంటే ఢిల్లీలో తిరగొచ్చు. యూపీ 14 అయితే గేటు దగ్గరే ఆగాలి. పొగకు కూడా పుట్టిన రాష్ట్రం ఉంటుందని మాకు ఆ రోజు తెలిసింది.

21, ఆదివారం. పొద్దున్నే అమ్మ నీలం జరీ చీర కట్టుకుని తయారైంది. "ఏపీ భవన్‌కి వెళ్దాంరా. మీ నాన్న పోయాక వెళ్ళలేదు" అంది. రూలు సంగతి చెప్పాను. "ఆదివారం ఎవరు చూస్తార్రా?" అంది. నాకూ ఆ ఆశే ఉంది.

బండి చక్కగా నడిచింది. మూడో గేరులో చిన్న కుదుపు కూడా లేదు. ఢిల్లీ సరిహద్దులో యూపీ గేటు దగ్గర బారికేడ్లు. మంకీ క్యాప్ వేసుకున్న కుర్ర పోలీసు నంబరు చూశాడు, ఆర్సీ చూశాడు. "బీఎస్ 4" అన్నాడు. పొల్యూషన్ కాగితం చూపించాను. దాని వంక కూడా చూడలేదు, తెలివైనవాడు. బోనెట్ ఎత్తి చూపిస్తానన్నాను. ఆ మాట ఇంతకు ముందెవరూ అతనితో అన్నట్టు లేదు. "బోనెట్‌తో నాకేం పని అంకుల్? మాతాజీ ఉన్నారని చలాను రాయడం లేదు, తిప్పండి" అన్నాడు.

తిప్పుతుంటే కుడివైపు పొగమంచులోంచి ఘాజీపూర్ చెత్తకొండ కనిపించింది. 1984లో మొదలుపెట్టారు. ఇక చోటు లేదని 2002లోనే తేలింది. తేలాక కూడా పోస్తూనే ఉన్నారు. 2017 సెప్టెంబరులో అది కూలి రోడ్డు మీది బండ్లను కాలువలోకి తోసింది, ఇద్దరు పోయారు. ఒక దశలో ఎత్తు అరవై అయిదు మీటర్లకు చేరి, ఇంకొంచెం పెరిగితే తాజ్‌మహల్ అంతవుతుందని పత్రికలు లెక్కలు వేశాయి. ఎండాకాలం తనంతట తానే అంటుకుని రోజుల తరబడి పొగ వదులుతుంది. గడువు తీరి ఇరవై మూడేళ్ళయినా కొండకు ఎవరూ ఆర్సీ అడగలేదు. ఎక్కడికీ పోని బండి కాబట్టి ఆపేవాళ్ళూ లేరు.

"పోనీలే, ఇంటికెళ్ళి చారు పెడతాను" అంది అమ్మ.

ఇల్లు చేరి పార్కింగులో బండి పెట్టి, తాళం తియ్యకముందు మీటరు చూసి, నోటుబుక్కు తీశాను. నాన్న చేతిరాత ఆగిన చోటుకు కింద ఒక గీత కొట్టి మొదలుపెట్టాను:

"21-12-2025, ఆదివారం. 60,874 కి.మీ. యూపీ గేటు దాకా వెళ్ళి వచ్చాం. రేసు సమంగా ఉంది. దీపాలన్నీ వెలిగి ఆరాయి. గోంగూర లేదు."